జగదాంబ దగ్గరి తమ్ముడికి

జగదాంబ జంక్షన్ పక్క సందులో చిన్న మొబైల్ రిపేరు కొట్టు నడిపే తమ్ముడూ, కంగారులో నీ పేరైనా అడగలేదు. ఇది నీకే.

చార్జింగ్ పూర్తిగా అయిపోయిన అమ్మ ట్యాబ్‌ని మళ్లీ ఆన్ చేస్తే అకౌంట్ లాక్ పడిపోయింది. పాస్‌వర్డు కరెక్టే, అయినా తీసుకోదు. దుబాయ్‌లో ఉన్న అన్నయ్యకి పెట్టిన మెసేజీలు ఒక్కటీ వెళ్లలేదు. వదినకి నెలలు నిండాయి. రెండు రోజులుగా అమ్మకి అన్నం సయించలేదు. వేరే కొట్లో మొత్తం చెరిపేసి కొత్తగా పెట్టాలన్నారు. అందులో నాన్న ఫొటోలున్నాయి, పోయినాయన మళ్లీ దొరకడు కదా.

నువ్వు ముందు తేదీ చూశావు. 1970 జనవరి 1. తేదీ అంత వెనక్కి ఉంటే అవతలి సర్వర్ గుర్తింపు కార్డులా చూపించే సర్టిఫికెట్ ఇంకా చెల్లదని ట్యాబ్ అనుకుంటుందని, అందుకే కనెక్షన్ కలవట్లేదని అమ్మకి అర్థమయ్యేలా చెప్పావు. తేదీ సరిచేసి, నీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి, స్టూలు జరిపి అమ్మని కూర్చోబెట్టావు.

"పాస్‌వర్డు మీరే కొట్టండమ్మా, నాకు చెప్పకండి" అని అటు తిరిగి నిలబడ్డావు. అమ్మ వణికే వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటోంది. వెనకాల ఇద్దరు ఎదురుచూస్తున్నారు. అయినా నువ్వు ఒక్కసారీ ఇటు తిరగలేదు, తొందరపెట్టలేదు.

ఆగిన మెసేజీలన్నీ వరసగా వెళ్లాయి. డబ్బులిస్తే, "తేదీ మార్చినందుకు డబ్బులేంటమ్మా" అన్నావు.

ఆ రాత్రే వీడియో కాల్ వచ్చింది. ఆడపిల్ల! నీ కోసం అమ్మ మాడుగుల హల్వా తెప్పించి ఉంచింది. ఆదివారం తీసుకొస్తాం.