అర కాసు పిట్ట

కేరీ, నార్త్ కరోలినా
ఏప్రిల్ 6

ఒరే సుబ్బూ,

నీ ఉత్తరానికి జవాబివ్వలేదని తిట్టుకుంటున్నావని తెలుసు. తిట్టుకో. మార్చి మూడో వారం నుంచి నేను వంటింటి కిటికీకి అతుక్కుపోయాను, ఒక పిట్ట కోసం. మా ఆవిడ అయితే "అల్లుడొచ్చినా ఇంత ఎదురు చూడరు" అంటోంది.

హమ్మింగ్‌బర్డ్‌రా. మీ పెరట్లో మందార చెట్టు మీద వాలే తేనెపిట్టకీ దీనికీ చుట్టరికం లేదు. మనదేశంలో ఈ జాతే లేదు. మీ పిట్ట కొమ్మ మీద కూర్చుని తాగుతుంది. ఇది సెకనుకి యాభైసార్లు రెక్కలాడిస్తూ గాలిలోనే నిలబడి తాగుతుంది, వెనక్కి కూడా ఎగురుతుంది. బరువెంతో తెలుసా? మూడు గ్రాములు. అర కాసు బంగారమంత కూడా తూగదు! ఆ ఒంటితో చలికాలం మెక్సికో వైపు గడిపి, బయల్దేరే ముందు తెగ మేసి దాదాపు రెట్టింపు బరువెక్కి, చాలావరకు మెక్సికో గల్ఫ్ సముద్రం మీదుగా ఎనిమిది వందల కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా వస్తుంది. మనం గుంటూరు నుంచి తెనాలి వెళ్ళడానికి మధ్యలో టీకి ఆగేవాళ్ళం.

ముందు మగవి వస్తాయి, మేత ఉన్న చోటు పట్టుకోవడానికి. గొంతు కింద కెంపు రంగు, ఎండ తగలకపోతే నల్లగా కనిపిస్తుంది. ఆడవి వారం పది రోజులు ఆగి వస్తాయి.

మొదటి ఏడాది మన తేనెపిట్ట పేరు తలుచుకుని మోసపోయి ఫీడర్లో, అంటే పిట్టలు తాగడానికి వేలాడదీసే సీసాలో, తేనె కలిపి పోశాను. పొరుగింటి పెద్దావిడ చూసి చీవాట్లు పెట్టింది. తేనె నీళ్ళకి ఇట్టే బూజు పడుతుందట, పిట్ట ప్రాణానికే ముప్పు. కప్పు పంచదారకి నాలుగు కప్పుల నీళ్ళు, అంతే. రంగు వద్దు. ఎండ ముదిరితే రెండు రోజులకోసారి కడిగి మార్చాలి. చీమలు పట్టకుండా ఫీడర్ పైన చిన్న నీళ్ళ గిన్నె వేలాడదీస్తారిక్కడ, దాన్ని డబ్బులిచ్చి కొన్నాను. మా అమ్మ పంచదార డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెట్టేది, గుర్తుందా? అదే కిటుకు!

నిన్న సాయంత్రం ఆ పెద్దావిడ గేటు దగ్గరికొచ్చి "మాకు వచ్చేసిందోయ్" అని చెప్పి వెళ్ళింది. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక కంచే కదరా. నేను ఇప్పటికి మూడుసార్లు నీళ్ళు మార్చాను. వాలింది ఒక్క కందిరీగ.

నీ
రాంబాబు