ఏ గ్రూపు వదిలావు, నాన్నా?

తోటపాలెం,
విజయనగరం.

చిరంజీవి వాసుకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నీవు కూడా క్షేమమని తలుస్తున్నాను. తలచడమే తప్ప తెలుసుకొనే దారి నీవు ఉంచలేదు గనుక, పోస్టాఫీసు ఇంకా పనిచేస్తున్నందుకు సంతోషించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నీ గురించి ఆరా తీయడానికి రాస్తున్నానని మాత్రం అనుకోకు. సుజాత కూతురు సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పించుకోవడానికి వస్తోందని నీకు తెలుసు కదా. ఆ పిల్ల మొన్న 'గ్రూప్' అనే మాట తరువాత 'ఈజ్' రావాలా, 'ఆర్' రావాలా అని అడిగింది. అప్పటి నుంచి నాకు ఆ మాట మీదనే ధ్యాసగా ఉంది. మీ నాన్నగారితో చెబుదామంటే ఆయన పేపరు మొహాన కప్పుకొని నిద్రపోతున్నారు.

ఆ పిల్లకు నేను చెప్పినది ఇది. గుంపునంతటినీ ఒక్కటిగా చూసినప్పుడు ఏకవచనం వాడాలి, అందులోని మనుషులు ఎవరికి వారుగా మనసులో ఉన్నప్పుడు బహువచనం వాడవచ్చు. ఈ వెసులుబాటు ఇంగ్లండువారిది. అమెరికావారు దాదాపు ఎప్పుడూ ఏకవచనమే రాస్తారు. మన తెలుగులో ఈ తంటా లేదు, ఎంతమంది ఉన్నా జట్టు గెలిచింది, గుంపు కదిలింది అంటాము. ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పాను గాని, ఒక గుంపును చూసేటప్పుడు అందులోని ఒక్కొక్క మనిషి కనిపిస్తున్నాడా లేదా అన్నదానిని బట్టి క్రియ మారడం ఎంత ముచ్చటైన విషయమో ఇప్పుడే నింపాదిగా ఆలోచించగలిగాను.

ఇంతలో పెద్దమావయ్య వచ్చాడు. కాఫీ గ్లాసు చేతికి అందుకుంటూనే, "వాసు గ్రూపులు వదిలేశాడట కదమ్మా" అన్నాడు. ఎవరు చెప్పారంటే, హైదరాబాదు అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్న ఎవరో కుర్రవాడు వాళ్ల ఆఫీసులో ఎవరికో చెప్పాడట. నేను గట్టిగా అడిగేసరికి మాట మార్చి, "వదిలేశాడన్నాడో, ఏదో గ్రూపులో తిరుగుతున్నాడన్నాడో, నేను సరిగా వినలేదు" అని గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. ఆ రెండు వాక్యాలకూ ఎంత తేడా ఉన్నదో ఆయనకు పట్టదు. పరీక్షలు మానేశావని మొదటిదానికి అర్థం. చెడు సావాసం పట్టావని రెండవదానికి అర్థం. ఇన్ని పనులకు ఒకే మాటను వాడుకుంటే ఇదే చిక్కు.

అసలు ఆ మాట పుట్టుక అంత పాతది కాదు. ఇటాలియన్ 'గ్రుప్పో' ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. గ్రుప్పో అంటే ముడి, గుత్తి. 17వ శతాబ్దం చివర ఇంగ్లీషువారు దానిని మొదట చిత్రకళలోనే వాడారు. ఒక పటంలోనో శిల్పంలోనో నాలుగైదు ఆకారాలు ఒకదానితో ఒకటి పొందికగా కుదిరితే దానిని గ్రూపు అన్నారు. మనుషులకూ వస్తువులకూ అందరూ దానిని వాడడం తరువాతి సంగతి. ఆ పొందికే దాని మొదటి అర్థమని తెలిశాక, మన ఊళ్లలో 'వాళ్లు గ్రూపులు కట్టారు' అన్నప్పుడల్లా నాకు కొంచెం నవ్వు వస్తుంది. మన చేతిలో పడి అది చీలికకు పేరు అయింది. పత్రికలవారు దానినే 'వర్గం' అని రాస్తారు. రక్తాన్ని గురించి రాసేటప్పుడు కూడా వారిది అదే వర్గం.

రక్తం మాట వచ్చింది గనుక చెబుతున్నాను. నీది ఓ నెగెటివ్. ఆ సంగతి రాసిన కార్డు పర్సులో పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఓ నెగెటివ్ రక్తం అవసరమైతే ఎవరికైనా ఎక్కించవచ్చు గాని, ఓ నెగెటివ్ వారికి మాత్రం ఓ నెగెటివే కావాలి. అందరికీ ఇచ్చే గుణం, తనకు కావలసినప్పుడు నోరు విప్పని గుణం రెండూ నీలో ఉన్నాయి. అది రక్తం వలన వచ్చినదని ఏ డాక్టరూ ఒప్పుకోడు. కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో రక్తాన్ని మూడు రకాలుగా విడదీసినప్పుడు, ఇప్పుడు మనం ఓ అంటున్నదానికి సి అని పేరు పెట్టాడు. ఏబీ ఆ మరుసటి ఏడాది బయటపడింది. అంతకు ముందు ఎక్కించిన రక్తం ఒకరికి ఎందుకు పడుతున్నదో, ఇంకొకరిని ఎందుకు చంపుతున్నదో ఎవరికీ తెలియలేదు. ఈ పనికి ఆయనకు 1930లో నోబెల్ బహుమతి ఇచ్చారు. కార్డు పెట్టుకో.

ఇంటరులో నీకు ఏ గ్రూపు ఇప్పించాలన్నదానిపై బుల్లితాత, మీ నాన్నగారు ఒక వేసవి అంతా మాట్లాడుకోలేదు. తాత బైపీసీ అన్నాడు, నాన్నగారు ఎంపీసీ అన్నారు, నిన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ఎంపీసీ వలననే కదా నీవు డిగ్రీలో గ్రూపు సిద్ధాంతం చదివావు. లెక్కల మాస్టారు నాకు ఒకసారి అరుగు మీద కూర్చొని చెప్పారు. ఏ రెండింటిని కలిపినా వచ్చే ఫలితం ఆ గ్రూపులోనే ఉండాలట, ప్రతి మూలకానికీ దాని ప్రభావాన్ని రద్దు చేసే విలోమం కూడా అందులోనే ఉండాలట. గణితంలోకి ఆ మాటను తెచ్చిన ఎవరిస్త్ గాల్వా 1832లో ఇరవై ఏళ్లకే ద్వంద్వయుద్ధంలో దెబ్బ తిని పోయాడు. ఆ యుద్ధానికి ముందు రాత్రి కూర్చొని, తాను కనిపెట్టినదంతా స్నేహితునికి ఉత్తరంగా రాశాడు. తెల్లవారితే తుపాకీకి ఎదురు నిలవవలసినవాడికి ఉత్తరం రాయడానికి తీరిక దొరికింది. నీకు ఎవరితో యుద్ధం ఉన్నదో నాకు తెలియదు.

మన ఇంటి వాట్సాప్ గ్రూపు సంగతి కూడా ఎత్తకుండా ఉండలేను. కామాక్షి పిన్ని పంపిన గులాబీ పువ్వు శుభోదయానికీ, చిన్నబావ పంపిన కొత్త స్కూటరు ఫోటోకూ మధ్య, నీవు గ్రూపు నుంచి వెళ్లిపోయినట్లు, అడ్మిన్లకు మాత్రమే కనిపించే సన్నని బూడిదరంగు అక్షరాల వరుస ఒకటి నాకు కనిపించింది. ఆ కింద ఎవరూ ఏమీ అనలేదు, స్కూటరుకు మాత్రం పదకొండుమంది చప్పట్లు కొట్టారు. ఫోన్లలో మాత్రం ఆ రోజు నుంచి నీ మాటే. వెళ్లిపోయినవాడి గురించి తలా ఒక కథ చెప్పడం చాలా సులువు.

నానమ్మ డ్వాక్రా గ్రూపులో జరిగినది నీకు పూర్తిగా తెలియదనుకుంటాను. అప్పటికి నీవు పుట్టలేదు. 1982లో కేంద్ర ప్రభుత్వం ఆ పథకం మొదలుపెట్టినా, గజపతినగరం దగ్గర మన ఊరికి ఆ మాట చేరి, మన వీధి ఆడవాళ్లు పదిమంది ఒక గ్రూపుగా కూడేసరికి చాలాకాలం పట్టింది. రోజుకు రూపాయి చొప్పున నెలకు ముప్పై రూపాయలు ఒక్కొక్కరు కట్టాలి. రామకోవెల అరుగు మీద మీటింగు. ఒక రేకుపెట్టెలో తీర్మానాల పుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం, వేలిముద్రలకు సిరాపెట్టె ఉండేవి. ఆ పెట్టె తాళంచెవి నానమ్మ మెడలోని నల్లతాడుకు కట్టి ఉండేది. అంత బాగా సాగుతుండగా సూరమ్మ రెండు మీటింగులకు రాలేదు. పైవీధివాళ్ల గ్రూపులో చేరిపోయిందని ఒకతె చెప్పింది. విశాఖలో తాపీపనికి పోయిందని మరొకతె చెప్పింది. మొగుడు పొదుపు డబ్బు తాగేశాడని మూడవ ఆమె చెప్పిన కథను అందరూ నమ్మారు, ఎందుకంటే అది వినడానికి బాగుంది. మూడవ మీటింగులో ఆమె పేరు కొట్టివేయాలని తీర్మానం రాయించారు. రాసినది నేనే, అప్పుడు సెలవులకు ఊరు వచ్చి ఉన్నాను. తొమ్మిది వేలిముద్రలు పడవలసిన చోట ఎనిమిదే పడ్డాయి. నానమ్మ ముద్ర వేయకుండా పుస్తకం మూసి, పెట్టె నెత్తిన పెట్టుకొని, సూరమ్మ ఇంటివైపు నడిచింది. మేమంతా వెనుకనే వెళ్లాము.

సూరమ్మ ఇంట్లోనే ఉన్నది. ఒక తలుపు చేరవేసి, గోనెపట్టా మీద కూర్చొని, కూలికి చింతపండు గింజలు తీస్తున్నది. వేళ్లు నల్లగా, జిగటగా ఉన్నాయి. అడగ్గా అడగ్గా చెప్పినది ఏమిటంటే, మొదటి నెల ఇరవై రూపాయలు తక్కువైంది. తక్కువ తీసుకొని పదిమందిలోకి రావడం కంటే రాకపోవడమే మర్యాద అనుకున్నది. రెండవ నెలకు ఆ మర్యాద మరింత బరువైంది. నానమ్మ గుమ్మంలో పెట్టె దించి, "ఏటే సూరీ, రెండు నెల్లబట్టి ఊరంతా నీ గురించి నోటికొచ్చిన కత అల్లీసినారు. ఇరవై రూపాయలు తక్కువైతే తక్కువని చెప్పలేకపోనావా?" అని కేకలు వేసింది. ఆ తిట్లు చాలాసేపు సాగాయి. తరువాత సిరాపెట్టె తెరిచి, చింతపండు అంటిన ఆ వేలితోనే ముద్ర వేయించింది. పేరు కొట్టివేయాలని రాసిన తీర్మానం పేజీ చింపేద్దామని నేనంటే, లెక్కల పుస్తకంలో పేజీ చింపకూడదని ఒప్పుకోలేదు.

ఇదంతా నిన్ను ఉద్దేశించి చెప్పినది కాదు. అయినా ఒక్క మాట చెప్పాలి. గ్రూప్-1 అంటే డిప్యూటీ కలెక్టరు, గ్రూప్-2 అంటే డిప్యూటీ తహసీల్దారు, సబ్ రిజిస్ట్రారు. అక్కడ గ్రూపు అనేది ఉద్యోగాల తరగతికి పేరే గాని, మనుషులు కూడిన చోటుకు కాదు. ఎన్ని వేలమంది ఒకే వీధిలో చదువుతున్నా ఎవరి గదిలో వారు ఒంటరిగానే ఉంటారని, పక్కవాడికి మార్కు పెరిగితే తనకు తగ్గినట్లే ఉంటుందని నీవే ఒకసారి అన్నావు. అందువలన ఆ గ్రూపును వదిలితే నాకు దిగులు లేదు. మీ నాన్నగారు గంటస్తంభం దగ్గర నలుగురికి చెప్పుకున్నారు నిజమే, కాని వేరే సంగతి చెప్పుకోవడం కూడా ఆయనకు చేతనవును. పరీక్ష రాయాలనుకుంటే రాయి, రాత్రి రెండు దాకా మేలుకొని మాత్రం చదవకు, ఉదయం ఏమీ తినకుండా టీ తాగకు, గది అద్దెకు తక్కువైతే చేబదులు తిరగకుండా నన్నడుగు, ఆ రెండవ రకం గ్రూపు అయితే వెంటనే రైలెక్కు. చూశావా, ఉపన్యాసం చెప్పకూడదనుకొనే మొదలుపెట్టాను.

ఆర్టీసీ కార్గోలో ఒక పార్సిలు పంపుతున్నాను. అందులో నువ్వులనూనె, మాగాయ, జీడిపప్పు, దోమతెర ఉన్నాయి. దోమతెరకు నాలుగు మూలలా తాళ్లు కుట్టాను, మేకులు నీవు కొనుక్కోవాలి. ఈ కవరులోనే స్టాంపు అంటించి మన చిరునామా రాసిన మరొక కవరు పెట్టాను. ఏ గ్రూపు వదిలావో, ఏ గ్రూపులో ఉన్నావో ఒక్క వరుసలో రాసి పోస్టు డబ్బాలో వెయ్యి. ఆ ఉత్తరం మీ నాన్నగారికి చూపించవచ్చో కూడదో అందులోనే రాయి.

ఇట్లు,
అమ్మ