మా ఆయన ఇంటికొచ్చారు

పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషనై తొమ్మిదో రోజు, నిన్న సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చారు. కాస్త పెరుగన్నం తిని వరండాలో నాలుగడుగులు వేశారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

ఏడాదికి పైగా విరేచనంలో రక్తం పడుతుంటే మొలలే అనుకున్నాం. మందుల షాపులో మాత్రలు, ఎవరో చెప్పిన పసరు, కారం మానెయ్యడం. మొదటి ఆర్నెల్లు నాకూ చెప్పలేదాయన. సిగ్గు.

డాలస్‌లో ఉన్న మా మరిదికి 46. అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టే వయసును అక్కడి నివారణ సేవల టాస్క్‌ఫోర్స్ అనే నిపుణుల బృందం 2021లో 50 నుంచి 45కి తగ్గించింది. ఏ బాధా లేకపోయినా కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకున్నాడు. రెండు పాలిప్స్, అంటే పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండలు, కనబడితే అప్పుడే తీసేశారు. ఆ రాత్రే ఫోన్ చేసి, "అన్నయ్యా, నీకెప్పుడైనా రక్తం పడిందా?" అనడిగాడు. పాతికేళ్లు కాపురం చేసిన నేను అడగని మాట. నాయనా, నువ్వు చల్లగా ఉండాలి.

గుంటూరులో మా డాక్టరమ్మగారికి నమస్కారాలు. హిమోగ్లోబిన్ తొమ్మిది చూసి, "మగమనిషికి రక్తం ఇంత తగ్గితే ఐరన్ మాత్రలిచ్చి ఊరుకోకూడదమ్మా, ఎక్కడ పోతోందో చూడాలి" అని ఆ వారమే కొలనోస్కోపీకి పంపారు. పేగు శుభ్రం కావడానికి లీటర్ల కొద్దీ మందునీళ్లు తాగాలి. కష్టమంతా అక్కడే. పక్కింటి పిన్నిగారు అర్ధరాత్రి దాకా కూర్చుని గ్లాసు తర్వాత గ్లాసు తాగించారు. పరీక్ష మటుకు మత్తులో అరగంటలో అయిపోయింది.

పెద్దపేగు ఎడమవైపు గడ్డ. క్యాన్సర్. అది పేగు గోడ దాటలేదు, తీసిన లింఫు గ్రంథుల్లో ఒక్కదానికీ పాకలేదు. మొదటి దశ. కీమో అక్కర్లేదన్నారు, మలం కోసం పొట్ట మీద బయట సంచీ పెట్టలేదు. పాలిప్ ఇలా మారడానికి పదేళ్ల వరకూ పడుతుందట. ఆ పదేళ్లలో ఎప్పుడు చూపించినా మా మరిదికి తీసినట్టే తీసేసేవారు కదా అని రోజూ అనుకుంటున్నాను.

రక్తం ఇచ్చిన మా అబ్బాయి స్నేహితులిద్దరికీ, వంతు కాకపోయినా ఈ నెల చీటీ నాకు వదిలేసిన మా వీధి ఆడవాళ్లకూ ఏమిచ్చుకోగలను! మీ రుణం ఉంచుకుంటాను.

తోబుట్టువుకో, కన్నవాళ్లకో ఈ జబ్బు వస్తే మిగతావాళ్లు 40 నుంచే చూపించుకోవాలన్నారు డాక్టరమ్మగారు. మా ఆడపడుచుకి 48. వచ్చే గురువారం తన పరీక్ష. ముందురోజు రాత్రి మా ఇంట్లోనే ఉంటుంది. ఆ రాత్రికీ వచ్చి కూర్చుంటానన్నారు పిన్నిగారు.