మా వీధి సార్‌కి, మేడమ్‌కి థ్యాంక్స్

మా పెద్దోడు పదో తరగతి పాసయ్యాడు. లెక్కల్లో 68. ఈ మాత్రానికి పోస్టా అని నవ్వేవాళ్లు నవ్వుకోండి. తొమ్మిదిలో హాఫ్ ఇయర్లీకి వాడికి వచ్చింది 11. అంతకుముందు ఒక ట్యూషన్‌లో ఏడాది ఫీజు కట్టాం. చివరికి వాళ్లు తేల్చింది 'మీవాడికి లెక్కలు ఎక్కవు' అని.

తిరుపతి కొర్లగుంటలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల రిటైరైన లెక్కల సార్ ఉన్నారు. వెళ్లి అడిగితే ఫీజు వద్దన్నారు. ఒకటే షరతు: వారానికి మూడు రాత్రులు నేనో, మా ఇంటావిడో వాడి పక్కన కూర్చోవాలి. "సార్, నేనే టెన్త్ తప్పినోణ్ణి, ఏం నేర్పిస్తాను?" అన్నాను. "నువ్వు నేర్పించొద్దయ్యా. వాడు నీకు అర్థమయ్యేలా చెప్పాలి, అంతే" అన్నారు.

మొదటి రెండు వారాలు కూర్చునే నిద్రపోయాను. టిఫిన్ బండి వాళ్లం, తెల్లారి మూడున్నరకి లేవాలి మరి. అప్పుడు సార్ పుస్తకం పక్కన పెట్టించి మా బండి లెక్కలు తెమ్మన్నారు. 19 కిలోల సిలిండర్ ఎన్నాళ్లొస్తుంది, రోజుకి గ్యాస్ ఎంత, నూనె ఎంత, ప్లేటుకి మిగిలేదెంత? అన్నీ వాడే వేశాడు. వడ మీద మాకేమీ మిగలట్లేదని తేల్చాడు! ఇన్నేళ్లుగా నేను కనిపెట్టలేదు. ఆ రాత్రి నిద్ర ఎక్కడికి పోయిందో.

భిన్నాల రోజు ఇంకా బాగుంది. నాలుగో వంతుని నాలుగో వంతుతో గుణిస్తే పదహారో వంతు. గుణిస్తే పెరగాలి కదా, తగ్గిందేంటని వాడు మొండికేశాడు. మూలన ఒక్కాకు నములుతున్న మా అవ్వ "పావులో పావు వీసం గదరా, దీనికేనా ఇంత రచ్చ!" అంది. బడి మొహం చూడని మనిషి, సంతలో శెనక్కాయలు అమ్మి బతికింది. మేం అందరం నోరు తెరిచాం. సార్ అయితే లేచి నిలబడి దణ్ణం పెట్టేశారు. అప్పట్నుంచి పిలకాయలకి ఏ లెక్క వచ్చినా ముందు అవ్వ దగ్గర పంచాయితీ.

మా చిన్నది చదివే మున్సిపల్ బడి కమిటీలో ఇప్పుడు మా ఇంటావిడ ఉంది. అందులో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉందంట. అదీ సార్ చెబితేనే తెలిసింది.

సార్ ఇంటావిడ, మేడమ్ గారికి విడిగా చెప్పాలి. పరీక్షల ముందు వీడు టెన్షన్‌తో అన్నం మానేస్తే, పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని తినిపించారు. అది మేం చేయాల్సిన పని.

సార్‌ది బటన్ ఫోను, ఇది చూడరు. మేడమ్, మీరే చదివి వినిపించండి. ఆదివారం అవ్వ సంగటి, ఊరిబిండి పంపుతానంది. పోయినసారి గిన్నె ఇంకా రాలేదని కూడా చెప్పమంది.