పాత కూలర్‌లో పిల్లి కాపురం

ఒరే రమణా,

నీ ఉత్తరం అంది పదిహేను రోజులైంది. ఈపాటికి నన్ను నాలుగు తిట్టే ఉంటావు. తప్పు నాది కాదు, ఒక పిల్లిది.

మా బాల్కనీలో తుప్పు పట్టిన పాత కూలర్ గుర్తుందా? పోయినసారి వచ్చినప్పుడు "పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యరా" అని రెండు రోజులు నా ప్రాణం తీశావు. ఇవ్వకపోవడమే మంచిదైంది. ఒక మచ్చల పిల్లి వేపకొమ్మ మీదుగా దిగి వచ్చి అందులో మూడు పిల్లల్ని పెట్టింది. రోహిణి కార్తె ఇంకా రానే లేదు, ఈ చెన్నై తిరువాన్మియూరులో అప్పుడే రోళ్ళు పగులుతున్నాయి. అయినా పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే కూలబడుతున్నాను. "సెలవు పెట్టి పురుడు కూడా మీరే పోయండి" అంటోంది సుజాత.

ఐదో రోజున ఇంకో పిల్ల వచ్చి చేరింది. మా వాచ్‌మన్ కావలి వైపు మనిషి. కళ్ళు తెరవని ఎర్రపిల్లను తువ్వాల్లో చుట్టి తెచ్చి, "దీని తల్లి బండి కింద పడిందయ్యా, మీ పిల్లి దగ్గర వెయ్యండి" అన్నాడు. నాకు భయం వేసింది. చిన్నప్పుడు మీ వసారా దూలం మీంచి పడ్డ పిచ్చుకపిల్లను మనం చేతిలోకి తీసుకుంటే మీ నాయనమ్మ ఎంత గోల చేసిందో! మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టుకోదన్నది ఆవిడ శాస్త్రం. నిజానికి అంత మాత్రానికి పక్షులు పిల్లల్ని వదిలెయ్యవు. మాటిమాటికీ వెళ్ళి బెదరగొడితే వదిలేస్తాయి. మనం చేసింది ఆ రెండోదే అనుకో.

పిల్లి తిరిగొచ్చింది. కూలర్ అంచు మీద ఆగి లోపలికి చూసింది. దిగి, ఎర్రదాని మెడ దగ్గర వాసన చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. ఒక్క క్షణం ఆగి, దాన్ని పాదంతో వెల్లకిలా తిప్పి, తల నుంచి తోక దాకా నాకడం మొదలుపెట్టింది. పొట్ట కింద మరీ గట్టిగా నాకింది. అలా నాకితే గాని ఈ వయసు పిల్లలకు ఒంటికి రెంటికి కాదు. తరవాత ఒక పక్కకు ఒరిగి పాలిచ్చింది. గొడవ పెట్టుకున్నవి పిల్లలే! పుట్టిన కొద్ది రోజులకే ఏ పిల్ల చన్ను దానికి ఖాయమైపోతుంది, వాసనతోనే వెతుక్కుంటాయి. కొత్తది పాపం అందరినీ తొక్కుకుంటూ పోయి చివరికి వెనక చన్ను ఒకటి సంపాదించింది.

ఈ మహాతల్లికి మూడుకూ నాలుగుకూ తేడా తెలియదా అని నాకు ఒకటే ఆశ్చర్యం. మీ ఇంటి మేకలైతే ఊరుకునేవా? పరాయి పిల్ల పొదుగు దగ్గరికి వస్తే కొమ్ముతో కుమ్మి పంపేవి. గొర్రెకైనా మేకకైనా ఈనిన తరవాత గంటా రెండు గంటలే గడువు. ఈనేటప్పటి ఒత్తిడికి మెదడులో ఆక్సిటోసిన్ అనే హార్మోను ఊరుతుంది, ఆ ఊపులో పిల్లను నాకుతూ దాని వాసనను బుర్రకెక్కించుకుంటుంది. గడువు దాటితే ఇక మరో పిల్లకు చోటు లేదు. చచ్చిన పిల్ల తోలును తల్లిలేని పిల్లకు కప్పి కాపరులు తల్లిని ఏమార్చేది అందుకే. మీ బర్రె దూడ చనిపోయినప్పుడు మీ నాన్న తోలులో గడ్డి కూరి ఎదురుగా నిలబెడితే, దాన్ని నాకి నాకి చేపింది కదా. ఆ రోజు నువ్వు పాలు తాగనని మొండికేశావు.

ఆలోచిస్తే తేడా పిల్లలున్న చోటులో ఉంది. మేకపిల్ల పుట్టిన పూటే లేచి మందలో కలిసిపోతుంది, తల్లి గుర్తుపట్టక తప్పదు. పిల్లికూన ఎక్కడికి పోతుంది? గూట్లో ఉన్నదల్లా తనదే. మా వేపచెట్టు మీది కాకిదీ అదే లెక్క. కోయిల దాని గూట్లో గుడ్డు పెట్టి పోతుంది, ఆ గుడ్డు కాకి గుడ్లకంటే ముందే పగిలి పిల్ల బయటికొస్తుంది. కాకి పిల్ల కాకికి ముద్దంటారు గాని, గూట్లో నోరు తెరిచిన ప్రతిదీ దానికి ముద్దే.

గబ్బిలాలకు మాత్రం అసలు పరీక్ష. టెక్సస్ గుహల్లో లక్షలాది పిల్లలు కప్పుకు కిక్కిరిసి వేలాడుతుంటాయి. తల్లి మేత నుంచి వచ్చి, వదిలి వెళ్ళిన చోటును బట్టీ, అరుపును బట్టీ, వాసనను బట్టీ ఆ చీకట్లో తన పిల్లను వెతుక్కుంటుంది. గ్యారీ మెక్‌క్రాకెన్ అనే శాస్త్రజ్ఞుడు 1984లో జన్యు ఆధారాలతో లెక్కగడితే, పాలిస్తున్న తల్లుల్లో సుమారు 83 శాతం సొంత పిల్లకే ఇస్తున్నాయని తేలింది. మిగతా తల్లుల దగ్గర తాగిన పిల్లలు దొంగపాలు తాగినట్టేగా!

మొన్న ఆదివారం మా పిల్లల్ని ఈస్ట్ కోస్ట్ రోడ్డులో ఉన్న మొసళ్ళ పార్కుకు తీసుకెళ్ళాను, పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 1976లో పెట్టినది. మొసలిపిల్లలు గుడ్డులో ఉండగానే అరుస్తాయట. ఆ పిలుపు విని తల్లి ఇసుక తవ్వి, ఆ పళ్ళ మధ్యనే వాటిని పెట్టుకుని నీళ్ళ దాకా మోస్తుంది. అక్కడ తండ్రి మొసళ్ళు కూడా మోయడం శాస్త్రజ్ఞులు చూసి రాశారు. ఈ మాట ఇంట్లో చెప్పి పొరపాటు చేశాను. "మొసలి నయం" అంది సుజాత, నా వైపు చూడకుండానే.

అసలు సంగతి చెప్పలేదు. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారే, నిన్న మాది కూడా ఇల్లు మార్చింది. మెడ దగ్గర కరిచి పట్టుకుని ఒక్కొక్కదాన్ని ఎదురు మేడ మీదికి చేర్చింది. పిల్లి తన కూనను మోసినట్టు దేవుడే భక్తుణ్ణి మోస్తాడని మన తాతయ్య చెప్పే మార్జాల కిశోర న్యాయం, అచ్చం అదే. మొదట నల్లది, తరవాత మచ్చలవి రెండూ. ఎర్రది ఒక్కటే మిగిలి గొంతు చించుకుంటోంది. ఎంతకీ రాదే! ఇక సీసా పాలు తేవాల్సిందేనని చెప్పులేసుకున్నాను. అప్పుడొచ్చింది, కరుచుకుని పోయింది.

పది నిమిషాలకు మళ్ళీ వచ్చింది రా. ఖాళీ కూలర్‌లోకి దిగి, నాలుగు మూలలా వాసన చూసి, ఇంకేం లేదని తేల్చుకుని మరీ వెళ్ళింది.

కూలర్‌ను మాత్రం ఇప్పుడప్పుడే ఇవ్వను.

నీ
ప్రసాదు