మనవడికి చెట్టూ పురుగూ చూపించడం గురించి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

బాబుకు నాలుగేళ్ళు నిండాయి కనుక చెట్లు, పక్షులు, పురుగులు గుర్తుపట్టడం నేర్పాలనుకుంటున్నాననీ, అందుకు ఏ బొమ్మల చార్టు కొనాలో చెప్పమనీ అడిగావు. చార్టు కొనవద్దని నా సలహా. అందులో చిలుకా ఏనుగూ ఒకే కొలతలో ఉంటాయి, ఆకుకు వాసన ఉండదు, పురుగు కదలదు.

నేను చెప్పదలచినది ఒక్కటే. తేడా ముందు చూపించు, పేరు తరువాత చెప్పు. అదీ ఒక్కదానిని విడిగా కాక, ఒకదానినొకటి పోలిన రెండింటిని పక్కపక్కన పెట్టి చూపించు. మీ వీధిలో వేప, కానుగ రెండూ ఉన్నాయి కదా, ఒక్కొక్క రెమ్మ తెచ్చి వాడి చేతికివ్వు. వేపాకు ఒక పక్కకు వంగి, అంచంతా గంట్లు గంట్లుగా వేలికి తగులుతుంది. కానుగాకు వెడల్పుగా, నిగనిగలాడుతూ, అంచున ఎక్కడా గంటు లేకుండా ఉంటుంది. కళ్ళు మూసుకుని తడిమి ఏది ఏదో చెప్పమను. ఆ తేడా వేళ్ళకు తెలిసిన తరువాత పేరు ఒక్కసారి చెబితే చాలు, అప్పజెప్పించనక్కరలేదు.

కాకి, కోకిల కూడా అటువంటి జంటే. మగ కోకిల ఒళ్ళంతా నలుపు, కన్ను ఎరుపు. ఊరకాకికి మెడ దగ్గర బూడిద రంగు. ఆడ కోకిల అసలు నల్లగానే ఉండదు, గోధుమరంగు ఒంటిమీద తెల్లని చుక్కలతో వేరే పిట్ట అనిపిస్తుంది. పక్షులు మనం చూసేదాకా నిలబడవు కనుక వీటి విషయంలో తొందర వద్దు.

అంతకంటే మీ బాల్కనీలోని కరివేపాకు కుండీ మేలు. దాని లేత ఆకులమీద సీతాకోకచిలుకలు వచ్చి ఆవగింజకంటే చిన్న గుడ్లు ఒక్కొక్కటిగా పెట్టిపోతాయి. గుడ్డులోంచి వచ్చిన పురుగు మొదట్లో అచ్చం పక్షి రెట్టలా, నలుపూ తెలుపూ కలిసి ఉంటుంది. పిట్టలు దాన్ని తిండిగా పోల్చుకోకుండా ఉండడానికే ఆ వేషం. పెరిగేకొద్దీ కుబుసాలు విడిచి, చివరకు ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనుక నుంచి రెండు మెత్తని కొమ్ములు బయటికి తీసి ఘాటైన వాసన వదులుతుంది, బాబుకు అది తప్పక చూపించు. కూరకు నాలుగు రెబ్బలు తక్కువైనా ఫరవాలేదు, మందు కొట్టకు. ఆ పురుగూ, తరువాత ఎగిరిపోయే సీతాకోకచిలుకా ఒకటేనని చెప్పనవసరం లేకుండా వాడికే తెలుస్తుంది.

తొలకరికి మీరు ఇక్కడికి వస్తే చేలగట్లమీద ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. ఎర్రని మఖమలు చూసి మురిసిపోవడంతో ఆగక, కాళ్ళు లెక్కపెట్టించు. చీమకు ఆరు, దీనికి ఎనిమిది. పేరుకు పురుగే గాని ఇది సాలీడు చుట్టం. లెక్కలు నేర్పడానికి కూడా ఇంతకంటే మంచి సాధనం నాకు తెలియదు.

ఫోను ఎదుట పెడితే మొక్క పేరు చెప్పే యాప్‌లు ఉన్నాయి. నీ అనుమానం తీర్చుకోవడానికి వాడుకో గాని వాడి ముందు తీయకు. పేరు వినగానే పిల్లవాడు చూడడం మానేస్తాడు.

పై పద్ధతికి ఒక్క మినహాయింపు ఉంది. ప్రమాదమైనవాటి పేరే ముందు చెప్పాలి, వాటిని చేతికివ్వకూడదు. గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. ఉమ్మెత్త కాయ అంతే. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. గురివింద గింజ ఎర్రగా నల్లమచ్చతో ముద్దుగా ఉండి పిల్లలను పిలుస్తుంది, కొరికి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. పురుగుల్లో జెర్రినీ రోకలిబండనూ దూరం నుంచి పోల్చి చూపించు: రోకలిబండ తాకగానే చుట్టచుట్టుకుంటుంది, జెర్రి పరుగెత్తుతుంది, కుడుతుంది. మీ అపార్ట్‌మెంటు గేటు పక్కన వరుసగా ఉన్నవి గన్నేరు మొక్కలే కనుక ఈ ఆదివారం అక్కడినుంచే మొదలుపెట్టు, కాపలా ఉండే అతనికి కూడా ఒక మాట చెప్పు.

అల్లుడిగారిని అడిగానని చెప్పు. బాబుకు ముద్దులు.

ఆశీస్సులతో,
నాన్న