బోర్డు మీద రాయని హోంవర్కు

హనుమకొండ,
ఆదివారం రాత్రి

రవీ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, కోప్పడకురా. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, చిన్నదానికి పళ్లొస్తున్నాయి, ఇంటి పని సగంలోనే ఆగింది. మిగతావి తర్వాత. ఒక్క సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మా పదో తరగతిలో ఒక పిల్లాడున్నాడు, శ్రీను అనుకో. ఎనిమిదిలో లెక్క వేస్తే ముందు వాడి చెయ్యే లేచేది. మొన్న ఎఫ్ఏ పరీక్షలో 20కి 6. మొదటి పీరియడ్‌లోనే కళ్లు మూతలు పడుతుంటాయి. ఫోన్ పిచ్చి అని స్టాఫ్ రూమ్‌లో అందరం తేల్చేశాం. నేనైతే అందరి ముందూ ఆ మాట అనేశాను. వాడు తల దించుకున్నాడు, అంతే.

శుక్రవారం పొద్దుపోయాక వాళ్లింటికి వెళ్లాను. పరకాల రోడ్డులో రేకుల ఇల్లు. వాళ్లమ్మ టీ ఇచ్చి, "ఫోన్ యాడిది సారూ? ఉన్నదొక్కటి, అది వాళ్ల బాపు దగ్గరుంటది. ఆటో తోలి పదిన్నరకు వస్తడు. గ్రూపుల హోంవర్కు చూసుకోవాలె గదా, పోరడు అప్పటిదాంక మేలుకొనే ఉంటడు" అంది.

ఆ వాట్సాప్ గ్రూపు పెట్టింది నేనేరా! కరోనాలో, 2020 సెప్టెంబర్ 1న టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానళ్లలో పాఠాలు మొదలైనప్పటి అలవాటు. బడులు తెరిచాక కూడా మానలేదు. రోజూ రాత్రి ఏడింటికి లెక్కల ఫోటో పంపిస్తాను.

వాళ్ల బాపు వచ్చేదాకా కూర్చున్నాను. ఫోన్ స్క్రీన్ మీద పైనుంచి కిందికి ఒక పగులు. నేను పంపిన లెక్క x² − 5x + 6 = 0. ఆ పగులు సరిగ్గా మొదటి మైనస్ మీదుగా పోయింది, చూస్తే ప్లస్ లాగే ఉంది. నోట్సు తెరిచాను. వాడు ప్లస్ అనే రాసుకుని, −2, −3 అని తప్పులేకుండా చేశాడు. దాని మీద నా ఎర్ర పెన్ను ఇంటూ. మనం బడిలో ఉన్నప్పుడు ఆ వంకాయ సార్, అట్లనే పిలిచేవాళ్లం కదా, నీ నోట్సులో తప్పు కొట్టే ముందు రెండోసారి ఎందుకు చూశాడో ఇప్పుడు తెలిసింది.

అట్లని ఫోన్ తప్పేం లేదని కాదు. వాడే చెప్పాడు: "లెక్కలు అరగంటే సార్. తర్వాత వీడియోలు ఒకదాని ఎనక ఒకటి వస్తయి, ఒంటిగంట అయితది." పల్లెల్లో పిల్లల చదువుల మీద చేసే అసర్ సర్వే ఉంది కదా, 2024 దాంట్లో 14–16 ఏళ్ల పిల్లల్లో ముందు వారం ఫోన్‌ని చదువు పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ఒకసారి ధ్యాస చెదిరితే మళ్లీ చదువులో పడటానికి 20 నిమిషాల దాకా పట్టొచ్చని 2023 యునెస్కో నివేదిక. ఇవన్నీ మీటింగుల్లో పేరెంట్స్‌కి చదివి వినిపించినవాణ్ణి నేనే. అర్ధరాత్రి ఆ ఫోన్ వాడి చేతిలో పెట్టింది ఎవరు మరి...

శనివారం చివరి పీరియడ్‌లో హోంవర్కు బోర్డు మీద రాశాను. ఆ లెక్కకు మార్కు వేసి, తప్పు నాదని అందరి ముందే చెప్పాను. గ్రూపులో ఇక హోంవర్కు వద్దంటే ఇద్దరు సార్లు ఒప్పుకున్నారు, ఒకాయన మాత్రం "పేరెంట్స్ అడుగుతారు" అని గట్టిగా పట్టుబట్టాడు. రేపు మళ్లీ మాట్లాడాలి, టెన్షన్‌గానే ఉంది. శ్రీను అయితే గంట కొట్టాక నా దగ్గరికొచ్చి

చిన్నది లేచి ఏడుస్తోందిరా. మిగతాది రేపు రాస్తా.

నీ
శంకర్